మా బావ ఎక్కిన నా విమానం

ఆ రోజుల్లో మా ఇళ్లల్లో దేవుడికి కోపమొస్తే కొబ్బరికాయ కొట్టి ఊరుకునేవారు గానీ, అల్లుడికి కోపమొస్తే మాత్రం ఇల్లంతా గుండెలు చిక్కబట్టుకుని నిలబడేది. ఇప్పటి పిల్లలకి ఇది చెబితే నవ్వుతారు. వాళ్ళకి అల్లుడంటే అక్క మొగుడు, అంతే. వంటింట్లోకి వెళ్ళి తన టీ తనే పెట్టుకునే మనిషి. మా కాలంలో అల్లుడొస్తున్నాడంటే వీధిగోడకి సున్నం కొట్టేవారు. ఆయన కూర్చుంటే మేం నిలబడాలి, ఆయన తింటే మేం వడ్డించాలి, ఆయన అబద్ధమాడితే మేం "అవునవును" అనాలి. ఇదంతా సరదాకి రాస్తున్నాననుకునేరు. ముందే చెబుతున్నాను, కోపంతోనే రాస్తున్నాను. ఎనభైకి దగ్గరపడ్డా చల్లారని కోపం ఇది. డాక్టరిచ్చిన బీపీ మాత్రలకి కూడా లొంగలేదు. మీకు నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

మాది చీపురుపల్లి. నాన్నకి గోగునార వ్యాపారం. విజయనగరంలో డిగ్రీ ముగించుకుని వచ్చి నేను నారకట్టల మధ్య కూర్చుని తుమ్ముతూ ఉండగా (నార దుమ్ముకి తుమ్మనివాడు యజమాని, తుమ్మేవాడు గుమస్తా అని నాన్న సిద్ధాంతం), ఆ ఏడు చెరుకుతోటలకి పురుగు పట్టింది. మందు చల్లడానికి ఒక చిన్న విమానం వచ్చి ఊరవతల మెట్టలో దిగింది. ఊరంతా విమానాన్ని చూసింది. నేను దాన్ని నడిపినవాణ్ణి చూశాను. మాసిన చొక్కా, చంకల్లో చెమట మరకలు, రెండు రోజుల గడ్డం, అచ్చం మనలాంటి మనిషి! ఆకాశంలో తిరగడానికి జమీందారు బిడ్డ కానక్కర్లేదని నాకు అప్పుడే తెలిసింది. మంచినీళ్ళ చెంబు పట్టుకుని ఆయన చుట్టూ తిరిగి, ఈ విద్య ఎక్కడ నేర్చుకోవాలండీ అని అడిగాను. "ఊరి పేరు చూసి వెళ్ళకు," అన్నాడాయన. "వాళ్ళ దగ్గర ఎన్ని విమానాలున్నాయో కూడా అడగకు. షెడ్డులో ఎన్ని పడుకున్నాయి, గాల్లో ఎన్ని ఉన్నాయి, అది చూడు. నేర్పేవాడు ఒక్కడూ నేర్చుకునేవాళ్ళు పాతికమందీ అయితే నీ వంతు వచ్చేసరికి నీకు మనవలు పుడతారు. చేరేముందు వెళ్ళి కంచె బయట ఒక రోజంతా కూర్చో. అంతా తెలిసిపోతుంది." ఇంత మంచి సలహా నా జీవితంలో మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు. దాన్ని మా ఇంటికి తీసుకెళ్ళడమే నేను చేసిన బుద్ధితక్కువ పని.

ఇంట్లో చెబితే ఇల్లు విరిగి మీద పడుతుందనుకున్నాను. పడలేదు. "నారకి పనికిరానోడు గాలికైనా పనికొస్తాడేమో సూద్దాం. ఈ ఏడు దాటితే మాత్రం కొట్లో కూకోవాల, మరి మాట్లాడకూడదు," అన్నాడు నాన్న. గొడవంతా ఎక్కడ అన్నదాని మీద వచ్చింది. మద్రాసు, హైదరాబాదు, భువనేశ్వరం, ఈ మూడు చోట్లా నేర్పుతారని నేను కనుక్కున్నాను. మద్రాసనగానే అమ్మ మూతి తిప్పింది. "పొద్దస్తమానం ఆ సాంబారే. పుల్లలాగైపోతాడు." హైదరాబాదంటే నాన్నకి పడలేదు. "అక్కడికెల్లినోడి మాట తిరిగొచ్చాక మనకి అర్థం కాదు." భువనేశ్వరమంటే మాత్రం ఇద్దరూ చెంపలేసుకున్నారు, పూరీ పక్కనే కదా, జగన్నాథుడే చూసుకుంటాడని. నేర్పే మాస్టారు ఎవరు, ఆయన కింద ఎంతమంది, విమానం రోజుకి ఎన్నిసార్లు లేస్తుంది, ఒక్కరైనా అడగాలి కదా! నేను గొంతు చించుకున్నాను. అమ్మ చింతకాయ పచ్చడి నూరుతూ, "ఇమానాలు ఎక్కడైనా ఇమానాలే కదరా, కూడు కాడే కదా తేడా వస్తాది," అంది. దాంతో ఆ చర్చ ముగిసింది.

అక్కడితో ఆగినా బాగుండేది. నాన్న కండువా దులుపుకుంటూ, "ఎందుకైనా మంచిది, అల్లుడుగారిని ఓ మాట అడుగుదాం," అన్నాడు. ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. అల్లుణ్ణి అడగడం మాట వరసకి. ఆయన "మీ ఇష్టం మావా" అనాలి, అది ఆయన మర్యాద. కానీ మా అక్కని చేసుకున్న మహానుభావుడు "మీ ఇష్టం" అన్నమాట పుట్టి ఎరగడు. ఆయనది శృంగవరపుకోట, కొండల మీంచి దిగే చింతపండుకి టోకు వ్యాపారం. నాకంటే పదేళ్ళు పెద్ద. ఎదురుగా "మీరు", మనసులో "వీడు" అన్నట్టుండేది నా వరస. వచ్చాడు, పడక్కుర్చీలో వాలాడు, కాళ్ళు చాపుకున్నాడు, తీర్పు మొదలెట్టాడు. "మద్రాసొద్దు మావా. సముద్రం. పడితే ఈదాల. ఈడికి ఈత రాదు. హైదరాబాదైతే మరీను, అన్నీ బండరాళ్ళే. పడితే పగిలిపోతాడు. భువనేశ్వరమైతే మెత్తటి నేల." నేను ఎగరడానికి చోటు వెతుకుతుంటే ఈయన నేను పడడానికి చోటు వెతికిపెట్టాడు! అందరూ ఆహా అంటే ఆహా అన్నారు. నా మనసు కూడా భువనేశ్వరం మీదే ఉంది (అక్కడ నేర్చుకునేవాళ్ళు తక్కువని విన్నాను), అయినా ఆయన నోటి వెంట వచ్చేసరికి అది కూడా చేదైపోయింది. పైగా "పెద్దదిక్కు లేకుండా కుర్రోణ్ణి ఎలాగంపుతారు, నేనొస్తాను" అని ఆయనే బయల్దేరాడు.

కార్తీకమాసంలో రైలెక్కాం. భువనేశ్వరం ఊరి చివర మైదానం, దాని చుట్టూ ముళ్ళకంచె, ఒక రేకుల షెడ్డు. నేను కంచె పక్కన కూర్చుని లెక్కగా చూస్తున్నాను. ఆయన గొడుగు వేసుకుని, అక్క కట్టిచ్చిన చేగోడీలు నములుతూ, "ఏటిరా, గేదెల సంతకొచ్చినట్టు ఈ కూకోడం ఏటి? లోపలికెల్లి అడిగితే సెప్పరా?" అని సణుగుతున్నాడు. ఉన్నవి రెండే విమానాలు, రెండేసి సీట్లవి. కానీ రెండూ పొద్దుటినుంచీ కునుకు తీయలేదు. ఒకటి దిగుతుంటే ఒకటి లేస్తోంది. కుర్రాళ్ళు నలుగురైదుగురే ఉన్నారు. ఇదే నా చోటు అని నాకు తేలిపోయింది. మర్నాడు పొద్దున్నే లోపలికి వెళ్ళాం. నేర్పే మాస్టారు బెంగాలీ పెద్దమనిషి, నెరిసిన మీసం. అందరూ దాదా అనేవారు. హిందీలో చెప్పారు. ఒక్క ఖాళీయే ఉంది, ఇది పోతే మళ్ళీ ఎప్పుడో తెలీదు. చేరేముందు ఒకసారి ఎక్కించి తిప్పుతాను, దిగాక కూడా కావాలనిపిస్తేనే చేరాలి. గాలి లేచేలోపు ఒక్కరికే వీలు, రండి.

ఆ క్షణంలో నా నోరు నా కొంప ముంచింది. పుట్టినప్పటినుంచీ పీటల దగ్గర, బండి దగ్గర, మంచం దగ్గర, ఎక్కడైనా సరే అల్లుణ్ణి ముందుపెట్టి అలవాటైపోయిన నోరు కదా, "ముందు మీరు బావా!" అనేసింది. అలా అనడం నా వంతు. "లేదు లేదు, నువ్వెల్లు" అనడం ఆయన వంతు. లోకంలో ఎక్కడైనా అంతే! ఆయన చేగోడీల సంచి నా చేతిలో పెట్టి, పంచె గోచీపోసి బిగించి, విమానం ఎక్కి కూర్చున్నాడు. దాదా నావైపు ఒకసారి చూసి భుజాలెగరేశారు. నేను సంచి పట్టుకుని నిలబడిపోయాను. విమానం లేచింది, మైదానం చుట్టూ తిరిగింది, ఎండలో మెరిసింది. నా విమానం! దిగేసరికి గాలి లేచింది, ఇవాళ్టికి ఇంతే అన్నారు. బావ జుట్టంతా పైకి నిక్కింది. కళ్ళు పెద్దవయ్యాయి. వాగుడుకాయ మనిషి పలాస దాకా ఒక్క మాట మాట్లాడలేదు. పలాసలో టీ తాగుతూ, "ఒరే, పైనుంచి సూస్తే ఎవుడూ ఎవుడికీ అల్లుడు కాడురా," అన్నాడు. నాకేం అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు.

ఇంటికొచ్చాక భోజనాల దగ్గర బాంబు పేలింది. "మావా, ఆ స్కూటరు మరి మానీండి. నాకు ఇమానం నేర్పించండి." ఆ స్కూటరు సంగతేమిటంటే, పెళ్ళిలో అలకపాన్పు మీద ఆయన స్కూటరడిగాడు. ఆ రోజుల్లో స్కూటరు కావాలంటే పేరు రాయించి ఏళ్ళ తరబడి చూడాలి. అక్కకి ఇద్దరు పిల్లలు పుట్టారు గానీ స్కూటరు పుట్టలేదు. అల్లుడి ముందు తలెత్తుకోలేక కుంగిపోతున్న మా నాన్నకి ఈ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. "అలాగే బాబూ, తవరడగడం, నేను కాదనడమూనా!" అన్నాడు. మరి నేనో? ఉన్నది ఒక్క ఖాళీ, నాకున్నది ఈ ఒక్క ఏడు! "నువ్వు కుర్రోడివి, నీకేటి తొందర," అన్నాడు నాన్న. "అల్లుడుగారి కొట్టు సూసీవోడుండాల. నువ్వెల్లి కూకో." అక్క గుమ్మంలో నిలబడి, "అదేదో పుష్పక్ అంటన్నారు, పుష్పక విమానంలో ఎంతమందెక్కినా ఇంకొకళ్ళకి సోటుంటాదంటారు కదరా," అంది జాలిగా. "ఇందులో రెండే సీట్లక్కా, ఒకటి మాస్టారిది," అన్నాను. అమ్మ నా విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసింది. మా ఇంట్లో ఓదార్పు అలాగే ఉండేది.

ఆ చలికాలమంతా నేను శృంగవరపుకోటలో చింతపండు మధ్య బతికాను. గంపలు దింపించడం, గింజ తీయించడం, తూకం వేయించడం. వేళ్ళు నల్లబడ్డాయి, పళ్ళు పులిశాయి, మంచినీళ్ళు కూడా పుల్లగా తోచేవి. కొట్టుకొచ్చినవాళ్ళు "పైలట్టుగారి బావమరిదా?" అని అడిగేవారు. నెలకోసారి ఆయన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఊళ్ళో దిగేవాడు. ఆ కళ్ళద్దాలు తీయకుండానే అన్నం తినేవాడు. "గాలి ఎదురుండాల బావమరిదీ, ఎనకుండకూడదు," అని నాకు పాఠాలు! ఎవరికి రా చెబుతున్నావు, అది నేను పుస్తకాల్లో ఎప్పుడో చదివాను అని లోపల అరిచేవాణ్ణి. బయటికి "అవునండి బావా" అనేవాణ్ణి. ఒంటరిగా కూర్చుని గింజలు తీస్తూ ఆయన్ని తిట్టిన తిట్లు పోగేస్తే ఒక గ్రంథమయ్యేది.

ఉగాదికి అందరం చీపురుపల్లిలో కలిశాం. బావ పంక్తి మొదట్లో, నాన్న పక్కన. నేను నెయ్యి గిన్నె పట్టుకుని వడ్డిస్తున్నాను. ఆయన మొదలెట్టాడు, పైకెళితే మనుషులు చీమల్లా ఉంటారనీ, చెరువులు చెంబుల్లా ఉంటాయనీ. నాన్న అన్నం కలపడం మానేసి నోరు తెరిచి వింటున్నాడు. నేను పళ్ళు కొరుకుతూ నెయ్యి వేస్తున్నాను. అప్పుడు ఆ మనిషి తలెత్తి, కళ్ళద్దాల్లోంచి నన్ను చూసి, తాపీగా అడిగాడు. "ఏరా, గాల్లో తిరగాలన్నావు. సింతపండు ఎలాగున్నాది? నీకు సరిగ్గా సరిపోయినట్టున్నాది."

అంతే. నాకేమైందో నాకే తెలీదు. గిన్నె నేలకేసి కొట్టాను. "సింతపండా! ఆ సీటు నాది! ఆ ఇమానం నాది! కంచె కాడ కూకుని ఏరుకున్నోణ్ణి నేను. ఈళ్ళు మీకు స్కూటరివ్వలేక నా బతుకిచ్చేశారు, మీరు సిగ్గులేకుండా ఎక్కి కూకున్నారు! ముందు మీరంటే వద్దని అనాలని తెలీదా? అల్లుడైతే మనిషి కానక్కర్లేదా?" ఇంకా చాలా అన్నాను, అన్నీ రాయలేను. ఇల్లంతా బిగుసుకుపోయింది. అల్లుణ్ణి అంతమాట అన్నవాడు మా వంశంలో లేడు. బావ నెమ్మదిగా విస్తట్లోనే చెయ్యి కడిగేసుకుని లేచాడు. పండగపూట, సగం భోజనంలో! "మావా, ఈ ఇంటి ఇమానం నాకొద్దు. ఈ జన్మలో ఎక్కను. ఆ సీటేదో ఆడి మొకానే కొట్టండి," అని వీధరుగు మీదికెళ్ళి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నాన్న కాళ్ళావేళ్ళా పడ్డాడు. అమ్మ ఏడ్చింది. అక్క ఒక్కతే కూర్చుని బొబ్బట్టు తుంపుకుని తింటోంది. (నాకది అప్పుడు మొండితనంలా తోచింది.) బావ కదల్లేదు, మెదల్లేదు. చివరికి నాన్న లోపలికొచ్చి నన్ను చూసి ఊగిపోయాడు. "పో! ఎగురు! ఎక్కడికెగురుతావో ఎగురు! నా కళ్ళ ముందుండకు!"

ఆ మాట నా మీద పువ్వులు చల్లినట్టే పడింది. పెట్టె సర్దుకుని, విజేతలా రైలెక్కాను. దారి పొడుగునా ఆ సన్నివేశాన్ని మళ్ళీ మళ్ళీ నాకు నేనే చెప్పుకుని మురిసిపోయాను. తలవంచుకుని నెయ్యి వడ్డించే కుర్రాడు తిరగబడ్డాడు, గెలిచాడు! భువనేశ్వరంలో దాదా నన్ను చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. "వచ్చావా? నీ కోసమే చూస్తున్నాను," అన్నారు. నేను తెల్లబోయాను. టీ పోయించి చెప్పారు. "మీ బావ పైకెళ్ళడంలో పులి. దిగేటప్పుడు మాత్రం నేల దగ్గరికొస్తుంటే కళ్ళు మూసుకునేవాడు. ప్రతిసారీ. విమానం నడిపే కర్ర నేనే లాక్కుని దింపేవాణ్ణి. శివరాత్రినాడే చెప్పాను, ఇది నీకు రాదు, ఇంటికెళ్ళిపో అని. చాలాసేపు ఏడ్చాడు. ఉగాది దాకా ఉండనివ్వండన్నాడు. ఎందుకూ అంటే, మా వైపు అల్లుడు ఓడిపోయి ఇంటికి రాకూడదు దాదా, కోపమొచ్చి రావచ్చు. మా బావమరిదికి కోపం ముక్కు మీదే ఉంటుంది, నేను చూసుకుంటాను, ఈ సీటు వాడికే ఉంచండి అన్నాడు."

చూశారా ఆ మనిషి అన్యాయం! నా జన్మలో నేను తిరగబడ్డది ఒకే ఒక్కసారి, అది కూడా ఆయన చేయించిందే! నా సీటు తీసుకున్నాడు, నా చలికాలం తీసుకున్నాడు, చివరికి నా కోపం కూడా తన పనికి వాడుకున్నాడు. మళ్ళీ అది నాకు మేలే! తిట్టడానికి కూడా లేకుండా చేశాడు. అక్కకి తెలుసా అని తర్వాత నిలదీస్తే, "నాకేటి తెలుస్తాదిరా," అని నవ్వి లోపలికెళ్ళిపోయింది.

ఎండలు ముదిరేలోపే దాదా నన్ను ఒంటరిగా పంపారు. పక్కసీటు ఖాళీగా ఉంటే విమానం ఎంత తేలిగ్గా లేస్తుందో అప్పుడు తెలిసింది. నేలమీదికి దిగి, నాలో నేనే నవ్వుకుని, ఆ వారమే శృంగవరపుకోట వెళ్ళాను, బావని కడిగిపారేయాలని. అప్పటికి ఆయన అలక ఇంకా నడుస్తోంది. నిజమని నమ్మించాలిగా మరి, అత్తారి గుమ్మం తొక్కడం లేదు, బొబ్బట్లంటే ప్రాణమిచ్చే మనిషి నోరు కట్టుకుని కూర్చున్నాడు. కొట్లో గంపల మధ్య ఉన్నాడు. కళ్ళద్దాలు లేవు. నేను నోరు తెరిచేలోపు, పనివాళ్ళు దూరంగా ఉన్నారో లేదో చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"దిగడం వచ్చిందేటి?"

"వచ్చింది బావా."

"ఎలాగరా?"

చెప్పాను. నేలని చూడకూడదు బావా, నేల అవతలి చివర చూడాలి. దగ్గరికి చూస్తే చెయ్యి బిగుసుకుపోతుంది. ఇంజను తగ్గించి, ముక్కు కొద్దికొద్దిగా ఎత్తుతూ, ఇంకా దిగనివ్వను, ఇంకా దిగనివ్వను అన్నట్టు పట్టుకుంటే, అదే వచ్చి కూర్చుంటుంది. ఆయన చింతపండు చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. ఆఖర్న, "మల్లీ సెప్పు," అన్నాడు. మళ్ళీ చెప్పాను. తిట్లన్నీ అలాగే వెనక్కి పట్టుకొచ్చేశాను.

తర్వాత నేను కొన్నేళ్ళు పొలాల మీద మందు చల్లాను, ఎన్నిసార్లు దిగానో లెక్కలేదు. బావ పోయి చాలా కాలమైంది. ఆ ఊళ్ళో ఆయన చివరిదాకా పైలట్టుగారే. నేను ఎప్పుడూ కాదనలేదు. కోపం మాత్రం ఉంది, ఇదిగో, ఇవాళ కూడా ఉంది. కాకపోతే ఒక్క తేడా వచ్చింది. ఎవరైనా నాకు కోపం తెప్పిస్తే, వీడికి నా కోపంతో ఏం పనిబడిందో అని ముందు ఒకసారి వాడి మొహంలోకి చూస్తాను. ఈలోగా అది కాస్తా తగ్గిపోతుంది. మా ఆవిడ ఇదంతా వయసు అంటుంది, నేనూ అవునంటాను.